బర్డ్ ఫ్లూ: ఏ పరీక్ష ఏం చెబుతుంది?

2025 ఫిబ్రవరిలో తూర్పు గోదావరి జిల్లా కానూరు, పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరు కోళ్ల ఫారాల నుంచి వెళ్లిన నమూనాల్లో హెచ్5ఎన్1 వైరస్ ఉందని భోపాల్‌లోని జాతీయ పశువ్యాధుల లాబ్ తేల్చింది. ఆ కబురు వచ్చేసరికే గోదావరి జిల్లాల్లో కోళ్లు వేలల్లో చచ్చిపోతున్నాయి. కిలోమీటరు పరిధిలోని కోళ్లన్నిటినీ చంపి పాతిపెట్టాలన్నా, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టాలన్నా, గుడ్ల లారీ ఎక్కడ ఆగాలో చెప్పాలన్నా ఆ కాగితమే ఆధారం. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానంలో ఉన్న రాష్ట్రంలో ఒక లాబ్ రిపోర్టు ఎన్ని కుటుంబాల బతుకును తిప్పేస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

అలాంటప్పుడు ఆ రిపోర్టు ఎలా తయారవుతుందో, దాని వెనక ఉన్న పరికరాలు ఏం చెప్పగలవో, ఏం చెప్పలేవో మనకు తెలిసి ఉండాలి. బర్డ్ ఫ్లూ లాబ్‌లో ఏ పరికరమూ అన్ని ప్రశ్నలకూ జవాబివ్వదు. వైరస్ జాడ ఉందా అని అడిగితే ఒక పరీక్ష, అది బతికి ఉందా అంటే ఇంకొకటి, కోళ్లను చంపే రకమా అంటే మరొకటి, మనుషులకు అంటుకుంటుందా అంటే పూర్తిగా వేరే పరీక్ష. ఒకదాని జవాబును ఇంకొకదానికి అతికించినప్పుడే ఇటు భయాలు, అటు నిర్లక్ష్యాలు పుట్టుకొస్తాయి.

వైరస్ గురించి రెండు ముక్కలు. ఇన్‌ఫ్లుయెంజా ఏ వైరస్ జన్యుపదార్థం ఎనిమిది ఆర్‌ఎన్‌ఏ ముక్కలుగా ఉంటుంది. రెండు రకాలు ఒకే కణంలో కలిస్తే ఆ ముక్కలు కలగలిసి మూడో రకం పుట్టగలదు. వైరస్ పైన హీమాగ్లుటినిన్, న్యూరమినిడేజ్ అనే రెండు ప్రొటీన్లుంటాయి. హెచ్, ఎన్ అంకెలు వాటివే. పక్షుల్లో తిరిగే రకాల్లో చాలా భాగం కోడిని పెద్దగా బాధించవు. హెచ్5, హెచ్7 రకాలతోనే చిక్కు. వీటి హీమాగ్లుటినిన్ ఒకచోట తెగితేనే వైరస్ కణంలోకి దూరగలదు. ఆ చోట క్షార స్వభావమున్న అమైనో ఆమ్లాలు వరసగా చేరితే, శ్వాసనాళంలో, పేగుల్లో మాత్రమే కాకుండా ఒళ్లంతా ఉండే ఎంజైములు దాన్ని తెంపేస్తాయి. అప్పుడిక మెదడు, గుండె, కాలేయం అన్నీ దెబ్బతిని షెడ్డు మొత్తం ఒకటి రెండు రోజుల్లో కూలిపోతుంది. ఇప్పుడు ప్రపంచాన్ని చుట్టేస్తున్న హెచ్5 వంశానికి మూలం 1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో బాతులాంటి ఒక పెంపుడు పక్షిలో, అంటే గూస్‌లో దొరికిన వైరస్. మరుసటేడు హాంకాంగ్‌లో 18 మందికి సోకి ఆరుగురిని బలి తీసుకుంది. అక్కడి కోళ్లన్నిటినీ చంపేశాకే అప్పటికి ఆగింది.

లాబ్ పని షెడ్డులోనే మొదలవుతుంది. పశువైద్యుడు కోడి గొంతులో ఒక దూది పుల్ల, మలద్వారంలో ఒక దూది పుల్ల తిప్పి, యాంటీబయాటిక్ కలిపిన ద్రవమున్న సీసాలో ముంచి ఐసులో పెట్టాలి. చచ్చి గంటలు గడిచి ఎండలో ఉబ్బిన కోడికంటే అప్పుడే నీరసించి తల వాల్చిన కోడి నుంచి తీసిన నమూనా మేలు. మన ఫిబ్రవరి, మార్చి ఎండల్లో ఐసు కరిగిపోతే లోపలి ఆర్‌ఎన్‌ఏ విరిగిపోతుంది. ఆ తర్వాత ఎంత ఖరీదైన యంత్రమైనా ‘లేదు’ అనే చెబుతుంది. రైతుకు మాత్రం ఆ ‘లేదు’ నిజమైన ‘లేదు’లాగే కనిపిస్తుంది. నమూనా చెడిపోయిందా లేదా అని చూసే అదనపు పరీక్షను ప్రతిసారీ తప్పనిసరిగా చేయాలని నేను గట్టిగా అంటాను.

అన్నిటికంటే పాత పరికరం కోడిగుడ్డే. తొమ్మిది నుంచి పదకొండు రోజులు పొదిగిన గుడ్డును చీకట్లో దీపానికి అడ్డం పెట్టి చూస్తే ఎర్రటి నరాలు, కదులుతున్న పిండం కనిపిస్తాయి. గాలి గది అంచు ఎక్కడుందో పెన్సిల్‌తో గీత గీసి, పెంకు మీద సన్నటి రంధ్రం చేసి, పిండాన్ని తాకకుండా దాని చుట్టూ ఉన్న ద్రవంలోకి కొద్దిగా నమూనా ఎక్కిస్తారు. రంధ్రాన్ని మైనంతో మూసి 37 డిగ్రీల దగ్గర ఉంచి, రోజూ మళ్లీ దీపానికి పెట్టి చూస్తారు. పిండం చనిపోతే గుడ్డును వెంటనే పగలగొట్టరు, ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచుతారు. అలా చల్లబరిస్తే ద్రవం తీసేటప్పుడు నరాల్లోని రక్తం అందులో కలవదు. గుడ్డు కూడా బజారు గుడ్డు పనికిరాదు. టీకా వేసిన తల్లి నుంచి గుడ్డులోకి చేరిన యాంటీబాడీలు వైరస్‌ను పెరగనివ్వవు. నిర్దిష్ట వ్యాధులేవీ లేని ప్రత్యేక మందల గుడ్లే కావాలి. అవి దొరకడం తేలిక కాదు, చవకా కాదు.

ఆ ద్రవంలో ఫ్లూ వైరస్ ఉందో లేదో చూసే పద్ధతి 1941లో అమెరికాలో జార్జ్ హర్స్ట్ కంటపడింది. వైరస్ ఉన్న గుడ్డు ద్రవంలో పొరపాటున కలిసిన కోడి రక్తకణాలు గడ్డలు కట్టడం ఆయన గమనించాడు. నేటికీ అదే పరీక్ష. ప్లాస్టిక్ పళ్లెంలో 96 చిన్న గుంతలు, ఒక్కో గుంతకు ద్రవం సగానికి సగం పలచన అవుతూ పోతుంది, పైన కోడి ఎర్ర రక్తకణాలు. అరగంట తర్వాత వైరస్ లేని గుంతలో కణాలు అడుక్కి జారి ఎర్రటి బొత్తంలా కూర్చుంటాయి. పళ్లేన్ని వంచితే ఆ బొత్తం నుంచి కన్నీటి బొట్టులా ధార కారుతుంది. వైరస్ ఉన్న గుంతలో కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని పలచటి పొరలా పరచుకుంటాయి. కరెంటు యంత్రంతో పని లేకుండా కంటితో చదివే ఫలితమిది.

అయితే ఒక మెలిక ఉంది. మన రైతులు కొక్కెర తెగులు అని పిలిచే రాణిఖేత్ వ్యాధి వైరస్ కూడా కోడి రక్తకణాలను ఇలాగే గడ్డ కట్టిస్తుంది. లక్షణాలు కూడా దగ్గరగానే ఉంటాయి. అందుకే రెండో మెట్టులో, ముందే తెలిసిన యాంటీబాడీలను కలిపి ఏది గడ్డ కట్టడాన్ని ఆపుతుందో చూస్తారు. హెచ్5 యాంటీబాడీ ఆపితే అది హెచ్5, రాణిఖేత్ యాంటీబాడీ ఆపితే కొక్కెర తెగులు. షెడ్డు దగ్గర నిలబడి కంటితో చూసి ఇది ఫలానా అని చెప్పేవాళ్లను నమ్మకూడదనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

వైరస్ ఎంత ప్రాణాంతకమో కొలవడానికి పూర్వం ఒక్కటే దారి: ఆరు వారాల వయసున్న పది కోళ్ల నరాల్లోకి దాన్ని ఎక్కించి పది రోజులు చూడటం. సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేసి, సగటు 1.2 దాటితే తీవ్ర రకమని తేల్చేవారు. ఇప్పుడు హీమాగ్లుటినిన్ తెగే చోట జన్యువును చదివితే చాలావరకు అదే జవాబు ఒకటి రెండు రోజుల్లో వస్తోంది. పది కోళ్ల హింసా తప్పుతోంది.

ఇక పీసీఆర్. కోవిడ్ పుణ్యమా అని ఆ మాట తెలియని ఇల్లు లేదు. నమూనాలోని ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి, చక్రం చక్రానికీ రెట్టింపు చేస్తూ పోతే ఎన్నో చక్రంలో మెరుపు కనిపించిందన్న దాన్ని బట్టి వైరస్ జాడ ఎంత ఉందో తెలుస్తుంది. ముందు అన్ని ఇన్‌ఫ్లుయెంజా ఏ రకాలకూ ఉమ్మడిగా ఉండే జన్యువు కోసం వెతుకుతారు. అది ఉంటే హెచ్5, హెచ్7, హెచ్9 కోసం విడివిడిగా చూస్తారు. కొన్ని గంటల పని. వ్యాప్తి ఆపాలంటే దీన్ని మించిన ఆయుధం లేదు. కానీ పీసీఆర్ చూసేది ఆర్‌ఎన్‌ఏ ముక్కనే, బతికున్న వైరస్‌ను కాదు.

ఈ తేడా ఎంత ముఖ్యమో 2024లో అమెరికా చూపించింది. ఆ మార్చిలో టెక్సస్ పాడి ఆవుల్లో హెచ్5ఎన్1 బయటపడింది. ఆవు పొదుగులో వైరస్ అంతగా పెరుగుతుందని అంతకుముందు ఎవరూ అనుకోలేదు. దుకాణాల్లో అమ్మే పాలను పరీక్షిస్తే దాదాపు ఐదింట ఒక నమూనాలో పీసీఆర్ ‘ఉంది’ అంది. జనం హడలిపోయారు. అప్పుడు మళ్లీ గుడ్డే అక్కరకొచ్చింది. ఆ పాలను పొదిగిన గుడ్లలోకి ఎక్కించి చూస్తే ఒక్కదానిలోనూ వైరస్ పెరగలేదు. పాశ్చరైజేషన్ వేడికి వైరస్ చచ్చిపోయింది, పాలలో మిగిలింది దాని శిథిలాలే. పచ్చి పాలలో మాత్రం అది సజీవంగా ఉంది. ఆ పాలు తాగిన పిల్లులు చచ్చిపోయాయి. దాదాపు వందేళ్ల నాటి పరికరం చెప్పిన జవాబుతో ఒక దేశం పాల వ్యాపారం నిలబడింది. అదే ఏడాది డిసెంబరు నుంచి పాల ట్యాంకుల నమూనాలను దేశవ్యాప్తంగా పరీక్షించే ఏర్పాటు అక్కడ మొదలైంది. ఒక్కో ఆవును పట్టుకోకుండా మంద మొత్తాన్ని ఒక సీసాతో పరీక్షించే ఆలోచన మనకూ పనికొస్తుంది.

జన్యుక్రమం మొత్తం చదవడం మరో మెట్టు. అరచేతిలో పట్టే నానోపోర్ యంత్రాలు వచ్చాక ఇది పెద్ద సంస్థల సొత్తుగా మిగల్లేదు. వైరస్ ఏ వంశశాఖకు చెందినది, ఎక్కడి నుంచి వచ్చింది, ఏ ముక్క ఏ రకం నుంచి అరువు తెచ్చుకుంది అన్నీ ఇందులో తెలుస్తాయి. 2024లో కోల్‌కతా వచ్చి తిరిగి ఆస్ట్రేలియా వెళ్లిన ఒక చిన్న పాపలో హెచ్5ఎన్1 బయటపడింది. ఆ వైరస్ హీమాగ్లుటినిన్ జన్యువు మన దక్షిణాసియాలో తిరిగే 2.3.2.1ఏ శాఖది. అమెరికా, యూరప్‌లను ఊపేస్తున్న 2.3.4.4బి శాఖ అది కాదు. ఆ పాపకు వ్యాధి ఏ ప్రాంతంలో సోకిందో వైరసే చెప్పేసింది.

ఈ క్రమాలను దాచుకుంటే ప్రయోజనం లేదు. తమ నమూనాలతో తయారైన టీకాలు తమకే అందడం లేదని 2007లో ఇండోనేషియా నమూనాలు పంపడం ఆపేసింది. ఆ కోపం న్యాయమైనదే. 2008లో మొదలైన జీఐఎస్‌ఏఐడీ అనే జన్యుక్రమాల భాండాగారం, 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన వైరస్‌ల పంపకం ఒప్పందం అలాంటి ఫిర్యాదులకు జవాబుగా వచ్చినవే. మన దేశం నుంచి క్రమాలు బయటికి వచ్చే వేగం ఇంకా పెరగాలి. పక్షులకు సరిహద్దులు లేవని అందరూ అంటారు, సమాచారానికి మాత్రం పెడుతున్నాం.

మనుషుల దగ్గరికి వద్దాం. పక్షుల పేగుల్లో, మన గొంతులో కణాల మీద సియాలిక్ ఆమ్లం ఉంటుంది, వైరస్ దాన్నే పట్టుకుంటుంది. కానీ ఆ ఆమ్లం కింది చక్కెరకు అతుక్కునే తీరు వేరు. పక్షుల్లో ఒక కోణం, మన పై శ్వాసనాళంలో ఇంకో కోణం. హెచ్5ఎన్1కు పక్షి కోణమే బాగా పట్టు. అందుకే అది మనిషి నుంచి మనిషికి సులువుగా పాకడం లేదు. ఈ పట్టు మారుతోందా అని చూడటానికి గాజు పలక మీద రకరకాల చక్కెరలను చుక్కలుగా అంటించి, వైరస్ ప్రొటీన్ దేనికి అతుకుతుందో కొలుస్తారు. 2024 చివర్లో అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధకులు ఇలాగే చూసి, ఆవుల వైరస్ హీమాగ్లుటినిన్‌లో 226వ స్థానంలో ఒక్క మార్పు జరిగితే చాలు, పట్టు మనిషి కోణానికి మళ్లుతుందని ప్రకటించారు. మహమ్మారికి ఆ ఒక్కటే సరిపోతుందని వారు అనలేదు, ఎక్కడ కన్నేసి ఉంచాలో చెప్పారు.

ఆ పనికి వారు బతికున్న వైరస్‌ను వాడలేదు, విడి ప్రొటీన్ చాలింది. ఈ సంగతి నాకు చాలా పెద్దదిగా తోస్తుంది. ఎందుకంటే 2011లో ఇదే ప్రశ్నకు జవాబు వేరే దారిలో వెతికారు. ఫెరెట్ అనే ముంగిసలాంటి జంతువు ఫ్లూ పరిశోధనకు 1933 నుంచీ ఆధారం. దాని శ్వాసనాళం మనదానికి దగ్గర, జలుబు చేస్తే మనలాగే తుమ్ముతుంది. 1936లో ఒక ఫెరెట్ తుమ్మితే దాన్ని చూస్తున్న శాస్త్రవేత్తకే ఫ్లూ అంటుకుంది. 2011లో నెదర్లాండ్స్‌లో రాన్ ఫూషియే, అమెరికాలో యోషిహిరో కవావొకా హెచ్5 వైరస్‌ను మార్చి, గాలి ద్వారా ఫెరెట్ నుంచి ఫెరెట్‌కు పాకేలా చేశారు. ప్రపంచం ఉలిక్కిపడింది. 2012 జనవరిలో పరిశోధకులే స్వచ్ఛందంగా పని ఆపారు, ఆ విరామం ఏడాది సాగింది. వ్యాసాలు చివరికి అచ్చయ్యాయి. అప్పుడు దొరికిన మార్పుల జాబితా ఈనాటికీ నిఘాకు ఉపయోగపడుతున్న మాట నిజమే. అయినా ఒక ప్రశ్నకు ప్రమాదం లేని పద్ధతి ఉన్నప్పుడు ప్రమాదకరమైన దాన్ని ఎంచుకోవడానికి బలమైన కారణం చూపాలి. 1977లో మళ్లీ ప్రత్యక్షమైన హెచ్1ఎన్1 జన్యుపరంగా ఇరవై ఏళ్లకు పైబడిన పాత రకాన్ని అచ్చంగా పోలి ఉంది. అది లాబ్ నుంచో టీకా ప్రయోగం నుంచో జారి ఉంటుందని చాలామంది శాస్త్రవేత్తల అంచనా. దాన్ని మరిచిపోకూడదు.

2003 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో హెచ్5ఎన్1 సోకిన మనుషులు వెయ్యికి దగ్గరగా ఉన్నారు. వారిలో దాదాపు సగం మంది చనిపోయారు. 2025 మార్చిలో పల్నాడు జిల్లా నుంచి మంగళగిరి ఎయిమ్స్‌లో చేరిన ఒక చిన్నారి కూడా అందులో ఉంది. అయితే ఆస్పత్రి దాకా రానివారు ఎంతమంది? దానికి రక్తంలో యాంటీబాడీలను వెతకాలి. ఇక్కడ ఇంకో చిత్రం ఉంది. మనిషి రక్తంలో పక్షి ఫ్లూ యాంటీబాడీలను వెతికేటప్పుడు కోడి రక్తకణాలకంటే గుర్రం రక్తకణాలు మెరుగ్గా పనిచేస్తాయి. గుర్రం కణాల మీద పక్షి కోణం చక్కెరలే దట్టంగా ఉండటం కారణం. అమెరికాలో వైరస్ సోకిన ఆవుల మధ్య పనిచేసిన 115 మంది కూలీల రక్తం పరీక్షిస్తే ఎనిమిది మందిలో యాంటీబాడీలు కనిపించాయి. వారిలో సగం మందికి తమకు ఒంట్లో బాగాలేనట్టే గుర్తు లేదు. మన కోళ్ల షెడ్లలో పనిచేసేవారికి, కోళ్లను చంపి పాతిపెట్టే బృందాలకు ఇలాంటి పరీక్షలు క్రమం తప్పకుండా జరగాలి. ముందు ప్రమాదం వాళ్లకే.

టీకాల్లోనూ లాబ్ పరికరాలదే పాత్ర. వైరస్ జన్యువులను ప్లాస్మిడ్లు అనే చిన్న డీఎన్‌ఏ వలయాల్లో పెట్టి కణాల్లో వైరస్‌ను తిరిగి కట్టే పద్ధతి 1999 నుంచి చేతికొచ్చింది. దాంతో ప్రాణాంతకమైన తెగే చోటును కత్తిరించి, గుడ్లలో బాగా పెరిగే పాత రకం మీద హెచ్5 ప్రొటీన్ తొడిగి టీకా విత్తనం చేస్తారు. చైనాలో 2013 నుంచి హెచ్7ఎన్9 పదిహేను వందల మందికి పైగా సోకింది. 2017లో కోళ్లకు టీకాలు మొదలుపెట్టాక మనుషుల్లో కేసులు దాదాపు ఆగిపోయాయి. ఫ్రాన్స్ 2023 అక్టోబరు నుంచి బాతులకు టీకా వేస్తోంది. మన దేశం తీవ్ర రకానికి టీకాను అనుమతించలేదు, చంపి ఆపడమే మన విధానం. తక్కువ తీవ్రత గల హెచ్9ఎన్2కు మాత్రం భోపాల్ సంస్థే టీకా తయారుచేసింది. టీకా వేస్తే వైరస్ లోలోపల తిరుగుతూ కనిపించకుండా పోతుందన్న భయం తీసిపారేయదగ్గది కాదు. కానీ టీకా వల్ల వచ్చిన యాంటీబాడీని, వ్యాధి వల్ల వచ్చిన యాంటీబాడీని వేరుచేసే పరీక్షలున్నాయి. ఆ పరీక్షలు జిల్లాల్లో జరిగే స్థితి వచ్చాకే టీకా చర్చకు అర్థం.

దేశంలో మొదటిసారి 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బర్డ్ ఫ్లూ బయటపడిన నాటి నుంచీ అధికారిక నిర్ధారణ భారం భోపాల్‌దే. బయటి గాలి లోపలికే పోయేలా, లోపలి గాలి సన్నటి వడపోతలు దాటాకే బయటికి వచ్చేలా కట్టిన భవనం, మురుగునీటిని కూడా శుద్ధి చేశాకే వదిలే ఏర్పాటు, బయటికొచ్చే సిబ్బందికి స్నానం తప్పనిసరి. బతికున్న వైరస్‌ను గుడ్లలో పెంచే పని అలాంటి చోటే జరగాలి, ఊరూరా జరగకూడదు. కానీ పీసీఆర్‌కు బతికున్న వైరస్ అక్కర్లేదు. నమూనా తీసిన సీసాలోనే వైరస్ పొరను కరిగించే ద్రావణం ఉంటే వైరస్ చచ్చిపోతుంది, ఆర్‌ఎన్‌ఏ మిగులుతుంది. ఆ సీసాను ఐసు లేకుండానే కొంతకాలం నిలపొచ్చు, మామూలు జాగ్రత్తలున్న లాబ్‌లో పరీక్షించొచ్చు. కోవిడ్ కాలంలో మన జిల్లా కేంద్రాల్లో పెట్టిన పీసీఆర్ యంత్రాలు, వాటి మీద చెయ్యి తిరిగిన టెక్నీషియన్లు ఇంకా ఉన్నారు. పశుసంవర్ధక శాఖ వాటిని వాడుకోవచ్చు. జిల్లాలో ‘అనుమానం’ అని అదే రోజు తేలితే ఆ సాయంత్రమే లారీలు ఆపొచ్చు. తుది నిర్ధారణ భోపాల్ నుంచి తర్వాత వచ్చినా నష్టం లేదు.

ఈ వేగం రైతు జేబుకు నేరుగా సంబంధించినది కూడా. మన నిబంధనల ప్రకారం పరిహారం ప్రభుత్వం చంపించిన కోళ్లకే, వాటంతటవే చచ్చినవాటికి లేదు. రిపోర్టు కోసం ఎదురుచూసిన ప్రతి రాత్రీ షెడ్డులో చచ్చిన కోళ్లు రైతు లెక్కలోంచి శాశ్వతంగా పోతాయి. అందుకే కొందరు ఎవరికీ చెప్పకుండా మిగిలిన కోళ్లను దొరికిన ధరకు అమ్మేయడం, చచ్చినవాటిని కాలవల్లో పారేయడం జరుగుతుంది. ఆ కాలవ నీళ్లు ఏ బాతుల మందకో చేరతాయి. సమాచారం ఇచ్చిన రోజు షెడ్డులో ఎన్ని కోళ్లున్నాయో లెక్క రాసి, రిపోర్టు ఎప్పుడొచ్చినా ఆ లెక్క మీదే పరిహారం కట్టే నిబంధన తెస్తే, మొదటి కోడి తల వాల్చిన రోజే రైతు పశువైద్యుడికి ఫోన్ చేస్తాడు. దూది పుల్ల ఆ రోజే సీసాలో పడుతుంది.